చెక్కభజనలో ఎవరూ కేలరీలు లెక్కపెట్టరు

ఈ సంచికకి ఆరోగ్యం మీద ఏదైనా రాయమని క్లబ్ వాళ్ళు అడిగారు. "రోజూ వ్యాయామం చేయండి" అని మొదలుపెడితే మీరు వెంటనే తర్వాతి పేజీకి వెళ్ళిపోతారు. వ్యాయామం మంచిదని తెలియనివాళ్ళు మన కాలేజీలో ఒక్కరు కూడా లేరు. తెలిసీ ఎందుకు చేయం, మొదలుపెట్టినవాళ్ళం మూడో వారానికే ఎందుకు ఆపేస్తాం అన్నదే అసలు ప్రశ్న. దీనికి నాకు దొరికిన జవాబు కొంత పరిశోధన పేపర్లలో ఉంది, ఇంకొంత మా రైలు లైను పక్కన ఉంది. మాది హిందూపురం. మా అవ్వవాళ్ళ పల్లె పెనుకొండ దగ్గర. మా మామ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఈ మూడు ఊళ్ళూ బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్ళే లైను మీద వరసగా వస్తాయి.

ఒక చిన్న లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. 150ని 7తో భాగిస్తే రోజుకి 22 నిమిషాలు కూడా రావు. మనం రీల్స్ చూసే టైమ్‌తో పోలిస్తే ఇది ఏపాటి! కాబట్టి "టైమ్ లేదు" అన్న సాకుని ఇక్కడే పక్కన పెట్టేద్దాం.

అసలు అడ్డం ఎక్కడుందో సీఎస్ఈ వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో డిస్కౌంట్ ఫ్యాక్టర్ అని ఒకటి ఉంటుంది. రేపు వచ్చే రివార్డుకి ఈరోజు ఎంత విలువ ఇవ్వాలో అది చెప్తుంది. మన మనసు రోజుకి ఒక్క శాతం మాత్రమే విలువ తగ్గిస్తుందని అనుకుందాం. అంటే ఫ్యాక్టర్ 0.99. సరిగ్గా ఏడాది తర్వాత వచ్చే 100 రూపాయల లాభం ఈరోజు మనసుకి రెండున్నర రూపాయల్లా కనిపిస్తుంది. కాలిక్యులేటర్‌లో 0.99ని 365 సార్లు గుణించి చూసుకోండి. ఇది కేవలం ఉదాహరణే, మనిషి మనసుకి ఎవరూ 0.99 అని స్టాంపు వేయలేదు. కానీ విషయం ఇదే. "నలభై ఏళ్ళొచ్చాక గుండె బాగుంటుంది" అనే రివార్డుకి పొద్దున 5:30కి దుప్పటి తీయించే బలం లేదు. ఆ పని చేస్తుండగానే, ఆ అరగంటలోనే, ఏదో ఒక సుఖం దొరకాలి. అది దొరకని వ్యాయామం ఎంత గొప్పదైనా ఆగిపోతుంది.

మా తెలుగు మేడమ్‌ని అడిగితే లోపలి నుంచి వచ్చే ఈ కోరికకి "అంతఃప్రేరణ" అనే మాట చెప్పారు. ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్న నేను విసర్గ ఎక్కడ పెట్టాలో రెండుసార్లు చూసుకుని రాస్తున్నాను. దీని మీద పేరున్న ప్రయోగం ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ప్రచురించింది. కాలేజీ విద్యార్థులకి సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చాడు. కొందరికి పజిల్ పూర్తి చేసినందుకు డబ్బులు ఇచ్చి, తర్వాత ఆపేశాడు. ఖాళీ సమయంలో ఎవరు సొంతంగా పజిల్ పట్టుకుంటారో గమనించాడు. డబ్బు రుచి చూసినవాళ్ళలో ఆ ఆసక్తి తగ్గింది. తర్వాత డెసీ, రిచర్డ్ ర్యాన్ కలిసి ఒక సిద్ధాంతం తయారుచేశారు. మనిషి ఒక పనిలో ఎక్కువకాలం నిలవాలంటే అది తన ఇష్టంతో ఎంచుకున్నది కావాలి, రోజురోజుకీ చేతనవుతోందని అనిపించాలి, పక్కన మనవాళ్ళు ఉండాలి అన్నది దాని సారం.

ఈ మూడూ లేకుండా పైపై ఆకర్షణ ఒక్కటే ఉంటే ఏమవుతుందో 2016లో పోకెమాన్ గో చూపించింది. ఫోన్లో బొమ్మల కోసం జనం వీధుల్లో పడి నడిచారు. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆట మొదలుపెట్టిన తొలి వారంలో రోజుకి సగటున 955 అడుగులు పెరిగాయి. ఆరో వారానికి ఆ పెరుగుదల మాయమైపోయింది. జిమ్ ఫీజు ఏడాదికి సరిపడా ముందే కట్టేసే మిత్రులు ఈ గ్రాఫ్‌ని గోడకి అతికించుకోవచ్చు.

మామ, చెరువు కట్ట, ఫోను

ఇక ధర్మవరం సంగతి. మా మామకి 52 ఏళ్ళు. రెండేళ్ళ కిందట షుగరు అని తేలింది. మా ఇంట్లో షుగరు చిన్న మాట కాదు. మా తాతకి దానివల్ల మొదట కాలివేలు తీసేశారు, ఏడాది తిరక్కుండా పాదం తీసేశారు. మామ రిపోర్టు చూసిన రోజు మా అమ్మ తమ్ముడితో ఒక్క మాట కూడా అనలేదు, అతని కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

డాక్టర్ మాత్రలు రాసి, రోజూ అరగంట నడవమన్నాడు. "పొద్దున్నుంచి రాత్రిదాకా మగ్గం తొక్కుతానే ఉంటా గదప్పా, ఇంకా ఏం ఎక్సర్‌సైజు?" అన్నాడు మామ. మాట న్యాయంగానే ఉంది. గుంట మగ్గం మీద కాళ్ళూ చేతులూ ఆగవు. కానీ మనిషి కూర్చునే ఉంటాడు, గుండె వేగం పెద్దగా పెరగదు. సరే, అత్త పోరు పడలేక ధర్మవరం చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాడు. 11 రోజులు నడిచాడు. పన్నెండో రోజు మానేశాడు. ఎందుకు మామా అంటే, "ఒక్కణ్ణే పోయి ఒక్కణ్ణే తిరిగొస్తాంటే ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టుందప్పా" అన్నాడు.

మామ కొడుకు ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసి 10,000 టార్గెట్ పెట్టాడు. వారం పాటు రోజూ టార్గెట్ దాటేస్తున్నాడు. ఇంట్లో అందరికీ సంతోషం. తర్వాత తెలిసిందేమంటే, ఫోనుని పిక్కకి తువ్వాలుతో కట్టుకుని మగ్గం తొక్కుతున్నాడు! యాప్‌కి ప్రతి తొక్కుడూ ఒక అడుగే. మామ మోసం చేశాడని నేను అనను. వాళ్ళు అంకె అడిగారు, ఆయన అంకె ఇచ్చాడు.

ఆ 10,000కి ఉన్న చరిత్ర కూడా తమాషాగానే ఉంటుంది. 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది. దాని పేరు "మాన్పో కెయి", అంటే "పదివేల అడుగుల మీటరు". ఆ పేరే తర్వాత ప్రపంచానికి నియమం అయిపోయింది. 2019లో ఐ-మిన్ లీ బృందం వయసు మళ్ళిన మహిళల మీద ప్రచురించిన అధ్యయనంలో, రోజుకి 4,400 అడుగులు నడిచినవాళ్ళలోనే మరణాల రేటు బాగా తగ్గి కనిపించింది. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గుదల ఆగింది. పదివేలు దాటనందుకు బాధపడి పూర్తిగా మానేసేవాళ్ళకి ఈ మాట చెప్పాలి.

భజన గుడి ముందు

మా అవ్వవాళ్ళ పల్లెలో వేరుశనక్కాయ పనులు అయిపోయాక చెక్కభజన నేర్పుతారు. కోస్తా మిత్రుల కోసం కొంచెం వివరంగా చెప్తాను. చెక్కభజన అంటే కూర్చుని చేసే భజన కాదు. రెండు చేతుల్లో చెక్కలు ఉంటాయి, వాటిలో చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు గలగలమంటాయి. కాళ్ళకి గజ్జెలు. గురువు మధ్యలో నిలబడి రామాయణంలోనో భాగవతంలోనో ఒక ఘట్టం పాడతాడు, జట్టు దాన్ని అందుకుని పాడుతుంది. పాడుతూ వలయంగా తిరగాలి, వంగాలి, ఎగరాలి, జత మారాలి, మళ్ళీ వరసకి రావాలి. వేగం మెల్లగా పెరుగుతూ పోతుంది. చివరి ఐదు నిమిషాలు చూస్తున్నవాళ్ళకే ఆయాసం వస్తుంది. నేర్చుకోవడం అంతా రాత్రిపూటే, భోజనాలు అయ్యాక. అన్ని అడుగులూ వచ్చాక గజ్జెపూజ చేసి ఊరి ముందు ఆడతారు.

పోయిన ఏడాది కొత్త జట్టుకి జతల్లో ఒక మనిషి తక్కువైనాడు. గురువు మామకి చిన్ననాటి స్నేహితుడు. మామ పద్నాలుగేళ్ళప్పుడు అదే గుడి ముందు నేర్చుకున్నవాడే. "ఈ ఒక్క రాత్రికి నిలబడప్పా" అన్నాడు గురువు. తొమ్మిదికి నిలబడిన మనిషి పదకొండుకి గానీ పక్కకి రాలేదు. మధ్యలో నీళ్ళకీ పాట మార్చడానికీ ఆగిన టైమ్ తీసేసినా గంటకి పైనే. నడకకి 12వ రోజు మొరాయించిన కాళ్ళే ఇవి.

తర్వాతి శనివారం పిలవకుండానే ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చాడు. ఆ తర్వాతి శనివారం కూడా వచ్చాడు. గజ్జెపూజ అయ్యాక తమ వీధిలోనే ఎనిమిది మంది పిల్లల్ని చేర్చి వారానికి మూడు రాత్రులు నేర్పడం మొదలుపెట్టాడు. రాత్రికి గంట అనుకున్నా వారానికి 180 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగతి మామకి తెలీదు, కానీ వాళ్ళ లెక్క దాటేశాడు.

నా చేతి బ్యాండ్ తీసి ఒక రాత్రి మామకి కట్టి చూశాను. గుండె వేగం ఎక్కువసేపు 118 దగ్గర ఉంది. 220లోంచి వయసు తీసేస్తే 168, అందులో ఇది 70 శాతం. పుస్తకాల ప్రకారం మధ్యస్థ వ్యాయామం. చెక్కలు కొట్టే చేతికి బ్యాండ్ కడితే రీడింగ్ కొంచెం అటూఇటూ అవుతుంది, అది మనసులో పెట్టుకోండి. ఇంకో మామూలు పరీక్ష కూడా ఉంది. వ్యాయామం చేస్తూ మాట్లాడగలిగితే, కానీ పాట పాడలేకపోతే, అది మధ్యస్థం అంటారు. ఈ పరీక్ష రాసినవాళ్ళు చెక్కభజన గురువుల్ని చూసి ఉండరు.

ఎందుకు పనిచేసింది? డెసీ, ర్యాన్ చెప్పిన మూడూ అక్కడ ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయలేదు. మరిచిపోయిన అడుగు ఒక్కొక్కటీ తిరిగి వస్తోంది. వలయంలో ఒకడు తప్పితే అందరి అడుగూ తప్పుతుంది కాబట్టి రాకపోతే అడిగేవాళ్ళు ఉన్నారు. నాలుగోది కూడా ఒకటి ఉందని నా అనుమానం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో 12 మంది పడవ పోటీల క్రీడాకారుల మీద ఒక ప్రయోగం జరిగింది. తెడ్లు వేసే మెషిన్ మీద ఒకసారి ఒంటరిగా, ఇంకోసారి జట్టుగా ఒకే లయలో, ఒకే మోతాదు శ్రమ చేయించారు. తర్వాత చేతికి బీపీ పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. జట్టుగా చేసినప్పుడే ఎక్కువ ఓర్చుకున్నారు. నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు అప్పుడు ఎక్కువగా విడుదలై ఉంటాయని పరిశోధకులు అనుకున్నారు. 12 మంది చాలా చిన్న శాంపిలే. కానీ ఒకే లయలో పదహారు మంది ఒకేసారి చెక్క కొట్టినప్పుడు గుడి ముందు నిలబడి చూస్తే మీరు కూడా నమ్ముతారు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. చెక్కభజన వట్టికాళ్ళతో ఆడతారు. షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, చిన్న రాయి గుచ్చుకున్నా తెలీదు, ఆ పుండే తర్వాత పెద్దదవుతుంది. మా తాత కథ అలా మొదలైందే. అందుకని మామ కాన్వాస్ బూట్లు వేసుకుని, పైన గజ్జెలు కట్టుకుంటాడు. గుడి ముందు బూట్లేంది అని పెద్దవాళ్ళు గొణిగారు. మా అవ్వ లేచి, "నా మొగుని పాదం యాడబోయిందో మీకు తెల్దా?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఇంకో మాట. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి శ్రమ ఎక్కువైతే షుగరు బాగా పడిపోవచ్చు. డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి, జేబులో గ్లూకోజో చక్కెరో ఉండాలి.

మామకి మూడు నెలల సగటు షుగరు 9.2 నుంచి ఏడాదిలో 7.6కి వచ్చింది. మధ్యలో మాత్రలు కూడా మార్చారు, కాబట్టి క్రెడిట్ మొత్తం చెక్కలకే ఇవ్వను. ఇంకా తగ్గాలి అన్నాడు డాక్టర్. అమ్మ ఇప్పటికీ తమ్ముడు వస్తే ముందు పాదాలే చూస్తుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది. గ్రౌండు ఏ ఊళ్ళోనైనా సాయంత్రం అయ్యేసరికి మగపిల్లల క్రికెట్‌దే. అక్కడ ఒక అమ్మాయి ఒంటరిగా నాలుగు రౌండ్లు పరిగెత్తాలంటే పదిమంది చూపులు దాటాలి. హిందూపురంలో మా అమ్మవాళ్ళు గుడి ఆవరణలో కోలాటం వేస్తారు. పండగ పేరు చెప్పి మొదలైంది, పండగ అయిపోయినా ఆగలేదు. కోలాటానికి ఇంత గిరాకీ రావడంలో భక్తి ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. ఎవరి అనుమతీ అడగకుండా గంటసేపు ఎగిరే చోటు అది.

రాయలవారి పొద్దు

పెనుకొండ పేరు ఎత్తాక రాయల్ని వదిలేస్తే బాగుండదు. విజయనగర రాజులకి ఇది ముఖ్యమైన దుర్గం, 1565 యుద్ధం తర్వాత రాజధాని కూడా ఇదే అయింది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగేవాడు, ఒంటికి నూనె పట్టించుకునేవాడు, బరువులు ఎత్తేవాడు, చెమటతో నూనె కారిపోయేదాకా కత్తి తిప్పేవాడు, తర్వాత ఒక మల్లుడితో కుస్తీ పట్టి, చివర గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో స్వారీ చేసేవాడు. నూనె తాగే భాగం మీరు పాటించవద్దని మనవి. నేను గమనించింది వరస. కష్టమైనవి ముందు, ఎదుటి మనిషితో ఆట తర్వాత, గుర్రం చివర. రాజుని ఎవరూ అటెండెన్స్ అడగరు కదా. స్వారీ ఉంది కాబట్టే బరువులు కూడా సాగి ఉంటాయని నాకు అనిపిస్తుంది.

మనకి గుర్రం లేదు, మరి మనకి నచ్చేది ఏదో ఎలా తెలుసుకోవాలి? మళ్ళీ సీఎస్ఈ దగ్గరికే వస్తాను. మల్టీ ఆర్మ్‌డ్ బ్యాండిట్ అనే సమస్యకి ఎప్సిలాన్ గ్రీడీ అని సులువైన పద్ధతి ఉంది. పది సాయంత్రాల్లో తొమ్మిది ఇప్పటిదాకా బాగా నచ్చినదానికి ఇవ్వండి, ఒకటి ఎప్పుడూ చేయని దానికి ఇవ్వండి. షటిల్, కబడ్డీ, ఈత, సైకిల్, డాన్స్, కోలాటం, ఏదైనా. స్కోరు మాత్రం కేలరీల్లో వేయకండి. తిరిగొచ్చాక "మళ్ళీ పోదామా?" అని మిమ్మల్ని మీరు అడిగి, పదికి ఎన్నో రాసుకోండి. ఒకటి రెండుసార్లకే తీర్పు ఇవ్వొద్దు, ఏ ఆటైనా కొంచెం చేతనైతేగానీ రుచి తెలియదు.

నడక తప్ప దారి లేనివాళ్ళకి ఒక ఉపాయం. 2014లో క్యాథరిన్ మిల్క్‌మన్ బృందం కొందరికి ఉత్కంఠ రేపే నవలల ఆడియో ఇచ్చి, అవి జిమ్‌లోనే వినగలిగేలా ఏర్పాటు చేసింది. మొదట్లో వాళ్ళు మిగతావాళ్ళ కంటే 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కి వచ్చారు. కానీ థ్యాంక్స్‌గివింగ్ సెలవులు రాగానే ఆ ఊపు పడిపోయింది. మనకి సంక్రాంతి సెలవులు, ఇంటర్నల్స్ అదే పని చేస్తాయి. కాబట్టి మీకిష్టమైన పాడ్‌కాస్ట్‌ని నడకకే కేటాయించుకోండి, దానితో పాటు సెలవుల తర్వాత మొదటి రోజు ఎవరితో, ఎన్ని గంటలకి అన్నది సెలవులకి ముందే ఖాయం చేసుకోండి.

మా బ్యాచ్‌లో ఆరుగురం నెలకో ఆదివారం పెనుకొండ కొండ ఎక్కుతున్నాం. పైన నరసింహస్వామి గుడి ఉంది, దారిలో పాత కోటగోడలు, బురుజులు తగులుతాయి, కింద ఊరూ చెరువూ కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు రేసు లేదు, ఎవరు వెనకబడితే వాళ్ళ వేగమే అందరి వేగం. పైకి చేరాక అంత్యాక్షరి, దిగాక ఇడ్లీ. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన మొదటి ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. పొద్దున హిందూపురం స్టేషన్ బయట టీ అంగడి దగ్గర కలుస్తాం, రావాలనుకున్నవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు చెప్పండి. చెప్పులతో రాకండి, బూట్లు వేసుకోండి. నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.